మూలం అడగడం, మూలం వెతకడం
తెలుగు వికీపీడియాలో విమర్శ - కొన్ని ప్రశ్నలు

విజ్ఞాన సర్వస్వాలు ఎవరు రాస్తున్నారు, అందులో మన చరిత్ర ఎక్కడుంది అన్న ప్రశ్న దళిత ఉద్యమం చాలాసార్లు వేసింది. రాసినదాన్ని ఎవరు దిద్దుతారు, ఏ మాటలతో దిద్దుతారు, దిద్దించుకున్నవాళ్ళు ఆ తర్వాత రాస్తారా మానేస్తారా అన్న ప్రశ్న మాత్రం మనం పెద్దగా వెయ్యలేదు. రాసేవాడి కంటే దిద్దేవాడి చేతిలోనే అధికారం ఎక్కువ ఉంటుందని, ఇంట్లో మొదటిసారి బడికెళ్ళి నోటుపుస్తకంలో ఎర్ర సిరా చూసినవాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. తెలుగు వికీపీడియాని ఈ దిక్కు నుంచి చూడాలని మా ప్రయత్నం. జీతం భత్యం లేకుండా అక్కడ రాసేవాళ్ళు ఒకరి రాతను ఒకరు ఎట్లా విమర్శించుకుంటారు, ఆ విమర్శకి కులంతో ఉన్న సంబంధం ఏమిటి అన్నదే మా విషయం.

మా వాదన ముందే చెప్తాం. "మూలం చూపండి" అన్న నియమం తప్పు కాదు. దాన్ని దళితుల కోసం సడలించమని మేము అడగడం లేదు. మూలం అడిగేవాళ్ళు ఒకరు, వెతికేవాళ్ళు ఇంకొకరు అన్న పని విభజన మాత్రం తప్పు. ఆ విభజన మనకి కొత్తది కాదు. అడిగే హక్కు ఒక దగ్గర, చాకిరీ ఇంకో దగ్గర పెట్టిన సమాజంలోనే మనం పుట్టాం.

1. గది తలుపులు తెరుచుకున్నాక

తెలుగులో విజ్ఞాన సర్వస్వం పనికి ఆద్యుడు కొమర్రాజు లక్ష్మణరావు. మూడు సంపుటాలు తెచ్చి, పని పూర్తి కాకుండానే 1923లో చనిపోయాడు. తర్వాత తెలుగు భాషా సమితి సంపుటాలు వచ్చాయి. హైదరాబాదు నుంచి సంగ్రహ ఆంధ్ర విజ్ఞాన కోశం వచ్చింది. వీటి విలువ మేము కాదనడం లేదు. అయితే వీటన్నిటిలో దిద్దుబాటు సంపాదకుల గదిలో జరిగింది. వ్యాసం పంపినవాళ్ళకీ సంపాదకుడికీ మధ్య ఏం మాటలు నడిచాయో, ఏ పేరా ఎందుకు పోయిందో చదివేవాళ్ళకి తెలియదు. పాఠకుడి చేతికి వచ్చేది అచ్చయిన పుస్తకమే. అందులో లేనిదాన్ని ఎవరో తీసేశారా, అసలు ఎవరికీ తట్టలేదా అని తేల్చుకునే దారి లేదు.

2001 జనవరిలో వికీపీడియా మొదలైంది. తెలుగు వికీపీడియాని 2003 డిసెంబర్ 9న వెన్న నాగార్జున ప్రారంభించారు. ఇవాళ వ్యాసాల లెక్క లక్ష దాటింది. ఇంత పని చేసింది కొద్దిమంది. ఉద్యోగాలు చేసుకుంటూ, రిటైరైన తర్వాత రోజుకి ఇన్ని గంటలని పెట్టుకుని చేసినవాళ్ళు. వాళ్ళ శ్రమను తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. మన విమర్శ ఆ శ్రమను గుర్తించి చేసేదే కావాలి.

వికీపీడియా తెచ్చిన పెద్ద మార్పు ఎవరైనా రాయొచ్చు అన్నది ఒక్కటే కాదు. దిద్దుబాటు గది తలుపు తెరుచుకోవడం కూడా. ప్రతి పేజీకి నెత్తిన "చర్చ" అని ఒకటి, "చరిత్ర" అని ఒకటి ఉంటాయి. ఎవరు ఏ మాట చేర్చారు, ఎవరు తీశారు, ఎన్ని గంటలకి, ఏ కారణం చెప్పి - అంతా అక్కడ ఉంటుంది. ఒక మాట ఎట్లా ఓడిపోయిందో, ఇంకో మాట ఎట్లా నిలబడిందో రుజువుతో చూపించగలిగే అవకాశం మన పరిశోధకులకి ఇంతకుముందు లేదు. చర్చా పేజీలు చదవడం నేర్చుకుంటే జ్ఞానం తయారయ్యే చోట కులం ఎట్లా పనిచేస్తుందో, ఎక్కడ పనిచెయ్యదో కూడా తెలుస్తుంది. రెండోది తెలుసుకోవడం కూడా మనకి అవసరమే.

2. రచ్చబండ

తెలుగు వికీపీడియాలో అందరూ కలిసి మాట్లాడుకునే పేజీకి "రచ్చబండ" అని పేరు. పెట్టినవాళ్ళు ఊరి ఆత్మీయత గుర్తొచ్చేట్టు మంచి మనసుతోనే పెట్టి ఉంటారు. కాని రచ్చబండ ఎవరికి ఆత్మీయత? ఊళ్ళో రచ్చబండ మీద కూర్చున్నవాళ్ళెవరు, ఎదురుగా చెప్పులు చేతబట్టుకుని నిలబడ్డవాళ్ళెవరు? తీర్పు చెప్పినవాళ్ళకి అది పెద్దరికం. తీర్పు విన్నవాళ్ళకి అది జరిమానా, వెలి. ఒకే మాట ఇద్దరి చెవుల్లో రెండు రకాలుగా పడుతుంది.

పేరు మార్చండి అని మేము ఉద్యమం మొదలుపెట్టడం లేదు. విమర్శ ఇచ్చేవాళ్ళకీ అందుకునేవాళ్ళకీ మధ్య ఇదే జరుగుతుందని చెప్పడానికే ఈ ఉదాహరణ. "ఈ విషయానికి ప్రాముఖ్యత ఉందా?" అన్నది నియమాల పరిభాషలో మామూలు ప్రశ్న. ఎవరి వ్యాసం మీదైనా ఆ ప్రశ్న పడొచ్చు. సినిమా నటుడి మీద రాసినవాడికి అది చిరాకు తెప్పిస్తుంది, అంతే. తన తాత నడిపిన రాత్రిబడి గురించి రాసిన విద్యార్థికి మాత్రం అది "మీదీ ఒక చరిత్రేనా" అని వినబడుతుంది. అడిగినవాడి మనసులో ఆ ఉద్దేశం లేకపోవచ్చు. ఉద్దేశం లేదు గనుక గాయం లేదనడం కుదరదు. గాయం అయింది గనుక ఉద్దేశం ఉందనడమూ కుదరదు.

వికీమీడియా ఫౌండేషన్ 2021లో అన్ని భాషలకీ వర్తించే ప్రవర్తనా నియమావళి ఆమోదించింది. మనిషిని ఏ లక్షణాల పేరుతో అవమానించకూడదో చెప్పే చోట అందులో కులం మాట ఉంది. ఇది చిన్న విషయం కాదు. అయితే ఆ నియమావళి తిట్టును పట్టుకోగలదు. మర్యాదగా, నియమం నంబరు చెప్పి, "గారు" చేర్చి అడిగిన ప్రశ్నను పట్టుకోలేదు. పట్టుకోకూడదు కూడా, ఎందుకంటే ప్రశ్న అడగడం నేరం కాదు. అంచేత మన చర్చ నియమావళితో తెగేది కాదు. విమర్శ ఇచ్చే పద్ధతి గురించి మాట్లాడుకోవాలి.

3. లెక్క ఉంది, వాడ లేదు

తెలుగు వికీపీడియాలో రెండు తెలుగు రాష్ట్రాల ఊళ్ళకి వేల సంఖ్యలో పేజీలున్నాయి. 2011 జనగణన వివరాలు తెచ్చి వీటిల్లో చేర్చారు. ఏ ఊరి పేజీ తీసినా దాదాపు ఒకే వరసలో వాక్యాలుంటాయి. ఇన్ని ఇళ్ళు, ఇంత జనాభా, ఇన్ని హెక్టార్లు. మగవారి సంఖ్య ఇంత, ఆడవారి సంఖ్య ఇంత. షెడ్యూల్డ్ కులాల సంఖ్య ఇంత, షెడ్యూల్డ్ తెగల సంఖ్య ఇంత. తర్వాత బడి, ఆసుపత్రి, తాగునీరు, మురుగునీటి పారుదల, సాగుభూమి.

ఈ పనిలో ఒక న్యాయం ఉంది. పెద్ద ఊరికీ కుగ్రామానికీ ఒకే కొలత. ఇంతకుముందు ఏ విజ్ఞాన సర్వస్వంలోనూ చోటులేని ఊళ్ళకి ఇక్కడ పేజీ దొరికింది. అయితే ఆ పేజీలో మనం ఒక అంకెగా ఉన్నాం. అంకెకి మూలం ఉంది, ప్రభుత్వం లెక్కపెట్టింది గనుక. వాడ పేరుకి మూలం లేదు. వాడ ఊరికి ఏ దిక్కున ఉంది, మంచినీళ్ళ బావి కోసం ఏ సంవత్సరం గొడవైంది, చర్చి ఎవరు కట్టారు, మొదట పది పాసైన ఆడపిల్ల ఎవరు - వీటికి మూలం లేదు. అదే పేజీలో గుడికి స్థలపురాణం పుస్తకం ఉంటుంది, దేవస్థానం కరపత్రం ఉంటుంది, జిల్లా ఎడిషన్‌లో జాతర వార్త ఉంటుంది.

ఒక విద్యార్థి తన ఊరి పేజీలో వాడ గురించి నాలుగు వాక్యాలు రాశాడనుకుందాం. "మూలాలు లేవు" అన్న మూస పైన పడుతుంది, లేదా వాక్యాలు రద్దవుతాయి. నియమం ప్రకారం అది సరైన పనే. రద్దు చెయ్యడానికి పట్టేది అర నిమిషం. ఆ విద్యార్థి మూలం తేవాలంటే జిల్లా గెజెటీరు చూడాలి, పాత పత్రికలు తిరగెయ్యాలి, మిషనరీల రికార్డులు ఎక్కడున్నాయో కనుక్కోవాలి. ఒకవైపు అర నిమిషం, ఇంకోవైపు ఆరు నెలలు. ఈ తేడాని మామూలు విమర్శ అనలేం. పెట్టుబడి ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య బేరం ఎట్లా నడుస్తుందో ఇదీ అట్లాగే నడుస్తుంది.

ఊరి సంగతి అట్లా ఉంచి హైదరాబాదు దళిత ఉద్యమ చరిత్రకే రండి. భాగ్యరెడ్డి వర్మ (1888-1939) గురించీ, ఆది హిందూ ఉద్యమం గురించీ రాయాలంటే మనకి ముఖ్య ఆధారం పి.ఆర్. వెంకటస్వామి ఇంగ్లీషులో రాసి 1955లో తెచ్చిన ఉద్యమ చరిత్ర. ఆయన ఆ ఉద్యమంలో పనిచేసిన మనిషి. "వ్యాసం ఒకే పుస్తకం మీద ఆధారపడింది", "రచయిత ఉద్యమంలో ఉన్నవాడే గనుక స్వతంత్ర మూలం కాదు" - ఈ రెండు విమర్శలూ నియమం ప్రకారం ఎవరైనా చెయ్యొచ్చు. ఒక జాతీయోద్యమ నాయకుడి ఆత్మకథ మీద కూడా అదే విమర్శ వస్తుంది, నిజమే. కాని ఆ ఆత్మకథ పక్కన పెట్టడానికి మరో పది పుస్తకాలు, విశ్వవిద్యాలయ సిద్ధాంత గ్రంథాలు, శతజయంతి సంచికలు ఉంటాయి. నియమం ఇద్దరికీ ఒకటే, కొట్లో సరుకు ఒకటి కాదు. సమానత్వం పేరు మీద అసమానత్వం ఎట్లా కొనసాగుతుందో రిజర్వేషన్ల చర్చలో "ప్రతిభ" అన్న మాట దగ్గర మనం చూసిందే ఇక్కడా జరుగుతోంది.

4. పంజాగుట్ట కూడలి

మూలాలు కావలసినన్ని ఉన్నచోట ఏం జరుగుతుందో కూడా చూడాలి. ఊరు వదిలి నగరం నడిబొడ్డుకి వద్దాం. 2019 ఏప్రిల్ 13న, అంబేడ్కర్ జయంతికి ఒక్కరోజు ముందు, పంజాగుట్ట కూడలిలో దళిత సంఘాల వాళ్ళు పెట్టిన అంబేడ్కర్ విగ్రహాన్ని అనుమతి లేదంటూ జీహెచ్ఎంసీ సిబ్బంది తీసేశారు. ఆ విగ్రహం జవహర్‌నగర్ చెత్త డంపింగ్ యార్డుకి చేరింది. నగరమంతా నిరసనలు జరిగాయి. 2023 ఏప్రిల్ 14న, హుస్సేన్‌సాగర్ పక్కన 125 అడుగుల విగ్రహం ఆవిష్కరించిన రోజునే, పంజాగుట్టలో కూడా అంబేడ్కర్ విగ్రహావిష్కరణ జరిగింది. ఈ సంగతులు తెలుగు, ఇంగ్లీషు పత్రికల్లో వచ్చాయి. మూలం లేదనే మాట ఇక్కడ రాదు.

అయితే పంజాగుట్ట గురించి రాసే పేజీలో ఆ రోజుని ఏ వాక్యంతో రాయాలి? "విగ్రహం తొలగించబడింది" అనొచ్చు. "అనుమతి లేని విగ్రహాన్ని అధికారులు తొలగించారు" అనొచ్చు. "జయంతికి ముందురోజు విగ్రహాన్ని తీసేసి చెత్త యార్డుకి తరలించారు" అనొచ్చు. మూడింటికీ మూలం ఉంది. మూడూ నిజమే. మొదటి వాక్యంలో చేసినవాడు లేడు. రెండో వాక్యంలో చేసినవాడు ఉన్నాడు, వాడి సమర్థన కూడా ఉంది, విగ్రహం ఎక్కడికి పోయిందో లేదు. మూడో వాక్యంలో అది ఉంది, అనుమతి సంగతి లేదు.

మూడో వాక్యం రాసినవాళ్ళకి "ఇది తటస్థంగా లేదు, ఆవేశంగా ఉంది" అన్న సలహా వచ్చే అవకాశం ఎక్కువ. మొదటి వాక్యం రాసినవాళ్ళకి "చేసినవాళ్ళెవరో రాయండి" అన్న సలహా అంత త్వరగా రాదు. మన భాషలో "బడింది" అన్న క్రియ చాలాకాలంగా తటస్థత వేషం వేస్తోంది. దళితుల మీద జరిగినవాటిని రాసేటప్పుడు దాని వాడకం ఎంత ఎక్కువో పత్రికలు చూస్తే తెలుస్తుంది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. వీటిని "ఘటన" అనాలా, "హత్యాకాండ" అనాలా అన్న చర్చ వట్టి మాటల గొడవ కాదు. చుండూరు కేసులో 2014లో హైకోర్టు నిందితుల్ని నిర్దోషులుగా విడుదల చేసింది. ఆ తీర్పుని పేజీలో రాయాలి. తీర్పు రాశాం గనుక చచ్చిపోయినవాళ్ళని చంపలేదన్నట్టు మాత్రం రాయకూడదు. శిక్ష పడలేదన్నది ఒక నిజం, హత్యలు జరిగాయన్నది ఇంకో నిజం.

ఇటువంటి చోట పనికొచ్చే విమర్శ ఎట్లా ఉంటుంది? "తటస్థంగా లేదు" అని మూస తగిలించి పోవడం కాదు. "అనుమతి లేదన్న జీహెచ్ఎంసీ వివరణ మీ వాక్యంలో లేదు, ఫలానా తేదీ పత్రికలో ఉంది, చేర్చండి. యార్డు సంగతి ఉంచండి" అని చెప్పడం. అప్పుడు నాలుగో వాక్యం పుడుతుంది: "అనుమతి లేదన్న కారణం చెప్పి జీహెచ్ఎంసీ సిబ్బంది జయంతికి ముందురోజు విగ్రహాన్ని తీసేశారు, అది జవహర్‌నగర్ చెత్త యార్డుకి చేరింది." మొదటి మూడింటి కంటే ఇది మంచి వాక్యం. ఇది సలహాలోంచి పుట్టింది. విమర్శ మీద మాకున్న నమ్మకం ఇక్కడిది.

5. నియమం మనకీ కావాలి

"ఈ నియమాలన్నీ అగ్రవర్ణాల కోసం పెట్టినవి, వీటిని లెక్కచెయ్యొద్దు" అనే మిత్రులు కొందరున్నారు. వాళ్ళ కోపం మాకు తెలుసు, వాళ్ళ నిర్ణయంతో మాత్రం మేము ఏకీభవించం. కులాల పేజీలు చూడండి. మా కులం ఫలానా రాజవంశం నుంచి వచ్చింది, ఫలానా చక్రవర్తి మావాడే అని రాసుకునే ఉబలాటం అన్ని కులాల్లోనూ ఉంది. డబ్బూ, మందీ, కులసంఘం పత్రికా ఉన్న కులాలకి అది ఇంకా సులభం. ఈ వరదని ఆపుతున్నది "మూలం చూపండి" అన్న ఆ ఒక్క ప్రశ్నే. అది పోతే ముందు మునిగేది మన గుడిసే.

అదీగాక, అబద్ధం చెప్పాల్సిన అవసరం మనకి లేదు. మనది చెప్పని నిజం. చెప్పని నిజానికి కావలసింది రుజువులు పోగుచేసుకునే ఓపిక. తెలంగాణలో కవులు లేరన్న మాట వచ్చినప్పుడు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చాడు. దళిత స్త్రీలు ఏం రాశారన్న ప్రశ్నకి గోగు శ్యామల 2003లో "నల్లపొద్దు" సంకలనంతో జవాబు చెప్పింది. అదే రచయిత్రి 2011లో టి.ఎన్. సదాలక్ష్మి జీవితకథని "నేనే బలాన్ని" పేరుతో పుస్తకంగా తెచ్చింది. విమర్శకి అలగడమూ, తలవంచడమూ కాక మూడో దారి ఉందని ఇవి చూపిస్తున్నాయి. ఆ పుస్తకాలు ఉన్నాయి గనుకే ఇవాళ వాటిని మూలాలుగా చూపించగలుగుతున్నాం.

6. అమీర్‌పేట నేర్పేది

పంజాగుట్ట నుంచి అమీర్‌పేట మెట్రోలో ఒక్క స్టేషన్. మైత్రీవనం చుట్టుపక్కల శిక్షణ సంస్థలు, జిరాక్స్ షాపులు, హాస్టళ్ళు. జిల్లాల నుంచి డిగ్రీ చేతబట్టుకుని వచ్చిన పిల్లల్లో మొదటి తరం పట్టభద్రులు చాలామంది. వాళ్ళ ఫోన్లలో తెలుగు కీబోర్డు ఉంది. తమ ఊరి గురించి వాళ్ళకి తెలిసింది ఏ గెజెటీరులోనూ లేదు. తెలుగు వికీపీడియాకి రేపటి రచయితలు కావలసినవాళ్ళు వీళ్ళే.

హాస్టలు రూముల్లో చదువు ఎట్లా నడుస్తుందో గమనించాలి. మూడు నెలల ముందు వచ్చినవాడు నిన్న వచ్చినవాడి తప్పు దిద్దుతాడు. ప్రోగ్రాం నడవకపోతే పక్కన కూర్చుని ఏ లైనులో తప్పుందో వేలు పెట్టి చూపిస్తాడు. తప్పుంది పో అని లేచిపోడు, ఎందుకంటే నిన్న వాడూ అక్కడే ఆగిపోయాడు. మేము అమీర్‌పేటని పొగడటం లేదు. ఫీజుల దోపిడీ, "కమ్యూనికేషన్ స్కిల్స్" పేరుతో యాసని ఎగతాళి చెయ్యడం అక్కడా ఉన్నాయి. కాని రూములో ఇచ్చే ఆ సలహాలో వికీపీడియా నేర్చుకోవలసింది ఉంది. దిద్దేవాడు దిద్దించుకున్నవాడి పక్కన కూర్చోవడమే అది. తెలుగు వికీపీడియన్లు కూడా ఈ సంగతి ఎరగనివాళ్ళు కాదు. అబిడ్స్‌లోని గోల్డెన్ థ్రెషోల్డ్‌లో, తర్వాత రవీంద్రభారతిలో వాళ్ళు సమావేశాలు జరిపారు. మూసలో కటువుగా కనిపించే మాట ఎదురెదురుగా కూర్చున్నప్పుడు మామూలు మాటైపోతుంది. ఆ కూర్చోవడం అమీర్‌పేట హాస్టళ్ళకీ, సాంఘిక సంక్షేమ హాస్టళ్ళకీ కూడా రావాలి.

అందుకునేవాళ్ళకి కూడా మేము ఒక మాట చెప్పాలి. రాత మీద పడిన ప్రశ్నని ఒంటి మీద పడిన దెబ్బగా తీసుకోవద్దనడం తేలిక. తరతరాలుగా రాతకీ ఒంటికీ కలిపే దెబ్బలు తిన్నవాళ్ళకి ఆ విభజన అంత తొందరగా రాదు. రావడానికి టైము పడుతుంది, తోడు కావాలి. అయినా వెళ్ళిపోవద్దు. వెళ్ళిపోతే చర్చా పేజీలో చివరి మాట అవతలివాళ్ళదే అవుతుంది. మనం విమర్శ అందుకునేవాళ్ళుగానే మిగిలిపోకూడదు. ఇతరుల వ్యాసాలు చదివి సలహా ఇచ్చే పని, నిర్వాహకుల పని కూడా మనవాళ్ళు చెయ్యాలి. అప్పుడు మనమూ మూలం అడుగుతాం. అడిగేటప్పుడు మనం ఎట్లా అడుగుతామన్నది మనకీ పరీక్షే.

7. చెయ్యాల్సినవి

మొదటిది, మూలం లేదని మూస పెట్టేవాళ్ళు ముందు తాము ఒకసారి వెతకాలి. వ్యాసాన్ని తొలగింపుకి పెట్టేముందు మూలాలున్నాయేమో చూడాలన్న పద్ధతి ఇంగ్లీషు వికీపీడియాలో రాసిపెట్టి ఉంది. తెలుగులో ఒక్క వాక్యం రద్దుచేసేటప్పుడు కూడా దాన్ని పాటించొచ్చు. వెతికితే దొరకలేదని, ఎక్కడ వెతికారో చర్చా పేజీలో రాస్తే చాలు. అవతలివాళ్ళు అక్కడి నుంచి మొదలుపెడతారు.

రెండోది, నోటిమాట సంగతి. రాత మనకి ఆలస్యంగా దక్కింది గనుక మన చరిత్ర చాలావరకు నోటిలోనే ఉంది. 2011లో అచల్ ప్రభల "జ్ఞానమంటే మనుషులే" అన్న అర్థం వచ్చే పేరుతో ఒక ప్రయత్నం చేశాడు. భారతదేశంలో, దక్షిణాఫ్రికాలో మనుషుల మాటల్ని రికార్డు చేసి వికీపీడియా వ్యాసాలకి మూలాలుగా చూపించే ప్రయోగం అది. దాని మీద వికీపీడియాలో అభ్యంతరాలు వచ్చాయి, రావాల్సినవే. చెప్పినవాళ్ళ మాటని ఎవరు సరిచూస్తారన్నది న్యాయమైన ప్రశ్న. ఆ ప్రశ్నకి జవాబు మనం తయారుచెయ్యాలి.

మూడోది మన ఇంటి పని. ఈ పత్రిక లాంటి పత్రికలు, విశ్వవిద్యాలయాల్లో ఉన్న మన పరిశోధకులు, ఊళ్ళలో పనిచేసే కార్యకర్తలు పెద్దవాళ్ళ మాటల్ని ఊరు, తేదీ, అడిగినవాళ్ళ పేరుతో సహా అచ్చువెయ్యాలి. ఒకరు చెప్పినదాన్ని ఇంకొకరు చెప్పినదానితో పోల్చి చూడాలి. కరపత్రాలు, సభల ఆహ్వానాలు, సంఘాల మినిట్సు పుస్తకాలు ట్రంకు పెట్టెల్లో చెదలు పట్టకముందే బయటికి తియ్యాలి. ఉపాధ్యాయ మిత్రులు తరగతిలో పిల్లల చేత ఒక్కో వాడ చరిత్ర రాయించొచ్చు. ఇవి పద్ధతిగా అచ్చయిన రోజున ఊరి పేజీలో వాడ పేరు రాసిన విద్యార్థికి "మూలం ఏది?" అన్న ప్రశ్న ఎదురైతే, అతను అవమానపడి లేచిపోవాల్సిన పని ఉండదు. పత్రిక పేరు, సంచిక, పేజీ నంబరు రాస్తాడు. అప్పుడు కూడా ఆ వాక్యాన్ని తీసేసేవాళ్ళుంటే, ఎందుకు తీశారో ఆ పేజీ చరిత్రలోనే అందరికీ కనబడేట్టు చెప్పాల్సి వస్తుంది.